ఫంక్షన్ కీలకు పని అప్పగించడం: కమడోర్ 64 ఉదాహరణ

ఏ పనీ అప్పగించని కీని నొక్కితే కంప్యూటర్‌లో ఏం జరుగుతుంది? ఈ ప్రశ్నకు 1982లో విడుదలైన కమడోర్ 64 అనే గృహ కంప్యూటర్ మంచి ఉదాహరణ.

దాని కీ బోర్డుకు కుడి అంచున నాలుగు ఫంక్షన్ కీలు ఉండేవి. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే మరో నాలుగు, అంటే మొత్తం ఎనిమిది. అయితే బేసిక్ తెర మీద వాటిని నొక్కితే ఏమీ కనిపించదు. కీ పాడైందని అనుకోకండి. ఎఫ్1 నొక్కగానే 133 అనే సంకేత సంఖ్య, ఎఫ్3కి 134 యంత్రానికి చేరుతూనే ఉన్నాయి. ఆ సంఖ్యతో ఏం చేయాలో మాత్రం బేసిక్‌కు ఎవరూ చెప్పలేదు. 1981 నాటి బీబీసీ మైక్రోలో ఈ ఇబ్బంది లేదు. దాని పది ఎర్ర కీలకు మనకు కావలసిన పదాలను ఒక్క ఆదేశంతో అప్పగించవచ్చు. (మన దేశంలో 1984లో మొదలైన క్లాస్ పథకం పాఠశాలలకు ఇచ్చింది ఈ యంత్రాలనే.) కమడోర్‌లో ఆ లోటును మాక్రో ప్రోగ్రాములు తీర్చాయి. ఎలాగో చూద్దాం.

కమడోర్ సెకనుకు సుమారు 60 సార్లు చేస్తున్న పని ఆపి కీ బోర్డును తనిఖీ చేస్తుంది. నొక్కిన కీ సంకేతాన్ని మెమరీలో 631 నుంచి 640 వరకు ఉన్న పది గడుల బఫర్‌లో వేసి, ఎన్ని సంకేతాలు చేరాయో 198వ గడిలో రాస్తుంది. బేసిక్ వాటిని వరుసగా తీసుకుంటుంది. ఈ తనిఖీకి ఎక్కడికి వెళ్ళాలో చెప్పే చిరునామా 788, 789 గడుల్లో ఉంటుంది. మాక్రో ప్రోగ్రాం ఆ చిరునామాను మార్చి, ముందుగా తన దగ్గరికి రప్పించుకుంటుంది. ఎఫ్1 నొక్కారని తెలియగానే ఎల్, ఐ, ఎస్, టి, రిటర్న్ సంకేతాలను తానే బఫర్‌లో వేసి, 198లో 5 రాస్తుంది. ఇవి వేలితో కొట్టినవో, ప్రోగ్రాం వేసినవో బేసిక్‌కు తెలిసే మార్గం లేదు. నేడు మీ పాస్‌వర్డును దొంగిలించే కీలాగర్ కూడా ఇలాగే కీకీ, ప్రోగ్రాంకీ మధ్యలో చేరుతుంది.

బఫర్‌లో ఉన్నవి పది గడులే. డిస్కులోని ఫైళ్ళ పట్టిక కోసం కొట్టే లోడ్ "$",8 ఆదేశం ఇంగ్లీషు అక్షరాల్లో రిటర్న్‌తో కలిపి సరిగ్గా పది! లోడ్ "*",8,1 మాత్రం పన్నెండు. లోడ్‌కు బదులు ఎల్, షిఫ్ట్ ఓ అనే సంక్షిప్త రూపం వాడితే అదీ పదికి దిగుతుంది. ఇంతకంటే పొడవైన మాక్రోను విడతలుగా అందించాలి.

ఇలాంటి ప్రోగ్రాములను తరచుగా 49152 నుంచి ఉన్న 4096 బైట్ల చోటులో ఉంచేవారు, బేసిక్ అక్కడికి రాదు కాబట్టి. రన్/స్టాప్, రిస్టోర్ కీలను కలిపి నొక్కితే 788, 789 గడుల్లోకి పాత చిరునామా తిరిగి వస్తుంది, ఫంక్షన్ కీలు మళ్ళీ మూగబోతాయి. ప్రోగ్రాం చెరిగిపోలేదు, దానికి దారి తెగింది, అంతే. అది 49152 దగ్గర మొదలయ్యేదైతే సిస్ 49152 అని కొట్టి తిరిగి కలపవచ్చు. 1985లో వచ్చిన కమడోర్ 128లో ఫంక్షన్ కీలకు ముందే పనులు అప్పగించారు, వాటిని మార్చుకోవడానికి కీ అనే ఆదేశమూ ఇచ్చారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఎఫ్3 నొక్కగానే రన్ ఆదేశం అమలు కావాలి. ఆర్ 82, యు 85, ఎన్ 78, రిటర్న్ 13 అయితే, 631 నుంచి ఏ గడిలో ఏ సంఖ్య వేయాలి? 198లో ఎంత రాయాలి?