‘స్కిన్ కలర్’ అంటే ఏ రంగు?

డ్రాయింగ్ బుక్ ముందేసుకున్న పిల్లల్ని ‘స్కిన్ కలర్’ ఇవ్వమని అడగండి. చాలామంది లేత పీచ్ రంగు క్రేయాన్ తీసిస్తారు. ఇచ్చే చెయ్యి మాత్రం చామనఛాయలో ఉంటుంది! మా అక్క కూతురికి ఆరేళ్లు. తన బొమ్మకీ అదే రంగు వేసింది. “మరి నీ రంగేది?” అంటే, “నాది బాలేదు మామయ్యా” అంది.

అమెరికా కంపెనీ క్రేయోలా ఆ క్రేయాన్‌కున్న ‘ఫ్లెష్’ అనే పేరును 1962లోనే ‘పీచ్’గా మార్చింది. 2020లో 24 చర్మపు రంగులతో ఓ పెట్టె తెచ్చింది. మన దగ్గర 1975లో వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరులోంచి ‘ఫెయిర్’ పోవడానికి 45 ఏళ్లు పట్టింది. పేర్లు మారాయి సరే, మన నోళ్లు?

“ఎండలో ఆడకు, నల్లబడతావ్”, “నలుపైనా కళగా ఉంది”... పిల్లలు అన్నీ వింటుంటారు. మణిపూర్, మిజోరం వాళ్లని ‘చైనావాళ్లు’ అనడమూ మన దగ్గరే నేర్చుకుంటారు.

లెక్చర్లు అక్కర్లేదు. చర్మంలో మెలనిన్ ఎక్కువుంటే ముదురు రంగు, తక్కువుంటే లేత రంగు అని చెప్పండి. ఈశాన్య రాష్ట్రాలు ఎక్కడున్నాయో మ్యాప్‌లో చూపించండి. క్లాసులో ఎవర్నైనా ‘కర్రోడా’ అని ఏడిపిస్తుంటే నవ్వొద్దని, వెళ్లి వాడి పక్కన కూర్చోమని చెప్పండి. ఇక చుట్టాలెవరైనా “పిల్ల నల్లగా ఉందే” అంటే, పిల్ల ముందే “మా పిల్ల రంగుకేం, బంగారంలా ఉంది” అనేయండి. చుట్టం మర్చిపోయినా, పిల్ల మర్చిపోదు.