అనుజ్ఞయు నభిజ్ఞానమును: ఓఆథ్ లాగిన్ విచారము

తాళపత్రగ్రంథముల సూచికను సొంత సర్వరుపై నిలుపుకొనువారు మొదట నాలోచింపవలసిన దొకటి కలదు. ఒక పాఠమును దిద్దినవా రెవ్వరో తరువాతివారికిఁ దెలియకున్న నా దిద్దుబాటునకు విలువ లేదు. కాన లాగిన్ ద్వారము తప్పదు. ప్రతిపండితునకును వేఱుగా నొక పాస్‌వర్డు కల్పించి దానిని భద్రపఱచుట నిర్వాహకునకు భారము; జ్ఞప్తియందుంచుకొనుట పండితునకు భారము. కావున గూగుల్ మొదలగు నన్యసంస్థలయందు వారికిఁ గల ఖాతాతోడనే లోనికి రానిచ్చు పద్ధతి వ్యాపించినది. దీనికిఁ బునాది ఓఆథ్ అను నియమావళి. 2.0 అను సంఖ్యగల దీని రూపము 2012 అక్టోబరులో ఆర్.ఎఫ్.సి. 6749 అను పత్రముగా వెలువడినది. దీనిని నెలకొల్పువారు తఱచుగాఁ బొరపడు స్థానమొకటి కలదు. దానిని వివరించుటయే యీ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

ఆ పత్రము నాలుగు పాత్రలను జెప్పుచున్నది. ఖాతాకు యజమానియైన మనుష్యుఁడు మొదటివాఁడు. వానివలన ననుజ్ఞ గోరు మన సూచిక రెండవది. అనుజ్ఞ నిచ్చు సర్వరు మూఁడవది. యజమాని సమాచారమును గాచు సర్వరు నాల్గవది. ప్రకృతమునఁ గడపటి రెండును గూగుల్‌వే.

వీని వ్యవహారక్రమ మిట్టిది. నిర్వాహకుఁడు ముందుగా గూగుల్‌నందుఁ దన సూచికను నమోదు చేసి, తిరుగు చిరునామా యొకటి తెలుపవలయును. వారు క్లయింటు ఐడి యను పేరును, క్లయింటు సీక్రెటు అను రహస్యమును నిత్తురు. పేరు బహిరంగము, రహస్యము సర్వరునందే దాఁగియుండవలయును. పిదపఁ బండితుఁడు లాగిన్ మీట నొక్కఁగనే బ్రౌజరు గూగుల్ గడపకుఁ బోవును. పాస్‌వర్డు నక్కడనే యడుగుదురు. మన సర్వరు దానిఁ జూడనే చూడదు. పండితుఁడు సమ్మతింపఁగా బ్రౌజరు కోడు అను నొక సంకేతముతోఁ దిరుగు చిరునామాకు మరలివచ్చును. ఈ కోడు ఒకసారియే చెల్లును. దాని యాయువు పది నిమిషములకు మించరాదని పైపత్రము సూచించుచున్నది. మన సర్వరు దానికిఁ దన రహస్యమును జేర్చి, గూగుల్ సర్వరుతో నేరుగా మాటలాడి, టోకెనును బడయును.

తిరుగు చిరునామా విషయమున వైయాకరణుల సూక్ష్మత కావలయును. నమోదైన దానికిని బంపఁబడిన దానికిని నక్షరభేద మేమాత్ర మున్నను ద్వారము తెఱువఁబడదు. హెచ్‌టిటిపి వేఱు, హెచ్‌టిటిపిఎస్ వేఱు. చివర వాలుగీఁత యున్నది వేఱు, లేనిది వేఱు. నేను మొదట నీ పని చేసినపుడు దినమెల్ల వృథ యైనది. నా సూచిక రివర్స్ ప్రాక్సీ వెనుక నుండుటచేఁ దన చిరునామా హెచ్‌టిటిపి యని భ్రమించి యట్లే పంపుచుండెను. వెలుపలి చిరునామా యిదియని సెట్టింగులలోఁ దెలిపినంతనే దోషము తొలఁగెను.

జాగ్రత్త లింకను రెండు గలవు. బ్రౌజరును బంపునపుడు స్టేటు అను నూహింపరాని యక్షరమాలను జేర్చి, మరలివచ్చినపుడు దానిఁ బోల్చిచూడవలయును. లేనిచో నన్యుఁడు తన కోడును మన పండితుని బ్రౌజరునఁ జొనుపఁగలఁడు. 2015 నాఁటి ఆర్.ఎఫ్.సి. 7636 చెప్పిన పిక్సీ యను నుపాయము, కోడును దొంగిలించినవానికి దానిని నిరర్థకము చేయును.

ఇఁక ముఖ్యాంశము. ఓఆథ్ అనుజ్ఞను మాత్రమే తెలుపును. వచ్చినవాఁ డెవ్వఁడో తెలుపదు. అభిజ్ఞానశాకుంతలమున జాలరి చేతికి రాజముద్రిక చిక్కినది. ఉంగరము నిజమైనదే, అంతమాత్రమున జాలరి శకుంతల కాఁడు. యాక్సెస్ టోకెను కూడ నట్టిదే. అది యెవరిచేత నున్నను వారికిఁ జెల్లును. వేఱొక యాప్ తనకొఱకుఁ బుట్టిన టోకెనును దెచ్చి మన సూచిక కిచ్చినచో, దానినే గుర్తింపుగా నమ్మిన సర్వరు మోసపోవును.

ఈ కొఱఁత తీర్చుటకై 2014 ఫిబ్రవరిలో ఓపెన్‌ఐడి కనెక్టు వెలువడినది. స్కోపునందు ఓపెన్‌ఐడి అను పదమును జేర్చి యడిగినచో ఐడి టోకెను అను వేఱొక పత్రము వచ్చును. ఇచ్చిన దెవరు, ఎవరికొఱకు, ఎవరినిగూర్చి, ఎప్పటివఱకు అను నాలుగును దానియందు సంతకముతో నుండును. కర్త, సంప్రదానము, విషయము, అవధి యని మనము వీనిని వ్యవహరింపవచ్చును. సంతకమును, నీ నాలుగును సరిచూడక యెవ్వరిని లోనికి రానీయరాదు. సంప్రదానము మన క్లయింటు ఐడియే యగునా యని చూచుట మఱవనే రాదు. వ్యక్తిని గుర్తుంచుకొనుటకు ఈమెయిలును గాక సబ్ అను గుర్తును నిలుపవలయును. ఈమెయిలు మాఱవచ్చును, సబ్ ఆ సంస్థయందు మఱియొకని కీయఁబడదు.

గుర్తింపు దొరికినంతనే దిద్దు నధికారము గలుగదు. గూగుల్ ఖాతా నెవరైనఁ బొందవచ్చును గదా. దిద్దఁదగినవారి జాబితా మన సర్వరునందే యుండవలయును. అన్యద్వారము మూఁతపడు దినమునకై సొంత పాస్‌వర్డుగల నిర్వాహకఖాతా యొకటి నిలుపుకొనుటయు మేలు. తాళము పరులది యైనను ఇల్లు మనది. ఇంటిలో నెవరి కే పని యప్పగింపవలయునో నిర్ణయించు భారము మనమే మోయవలయును.