బొగ్గు ఇక్కడ, పాదరసం అక్కడ!

బిలాస్‌పుర్ దయాల్‌బంద్‌లోని రైల్వే తెలుగువాళ్లకు బొగ్గు గూడ్సులు కొత్త కాదు. కోర్బా వైపు గేవ్రా, దీప్కా గనులు. ఊరికి దగ్గర్లోనే 2,980 మెగావాట్ల సీపత్ విద్యుత్ కేంద్రం. బొగ్గుకూ ఉత్తర ధ్రువపు తెల్ల ఎలుగుకూ చుట్టరికం ఉందంటే నమ్ముతారా?

● టన్ను బొగ్గులో పాదరసం మామూలుగా ఒక గ్రాము కూడా ఉండదు. అయితే అది సుమారు 357 డిగ్రీల సెల్సియస్‌కే మరిగిపోతుంది. బాయిలర్ మంటలో ఆవిరై, కొంత బూడిదలో చిక్కినా మిగతాది చిమ్నీ ఎక్కేస్తుంది. నెలల తరబడి గాల్లో తిరుగుతూ ఖండాలు దాటుతుంది.

● 2015లో మనుషుల పనుల వల్ల ప్రపంచమంతటా గాల్లో కలిసిన పాదరసం దాదాపు 2,200 టన్నులు. అందులో బొగ్గు వాటా ఐదో వంతు. మొదటి స్థానం మాత్రం చిన్నచిన్న బంగారు తవ్వకాలది.

● కెనడా ఉత్తరపు కొసన ఉన్న అలర్ట్‌లో 1995లో శాస్త్రవేత్తలు ఒక వింత గమనించారు. నెలల చీకటి పోయి సూర్యుడు రాగానే గాల్లోని పాదరసం ఉన్నట్టుండి మాయమవుతోంది! సముద్రపు ఉప్పులోంచి వచ్చే బ్రోమిన్, ఎండ తోడవగానే దాన్ని మంచు మీదికి దింపేస్తోందని తర్వాత తేలింది.

● నీటిలో చేరిన పాదరసాన్ని అక్కడి సూక్ష్మజీవులు మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అసలు విషం అదే. నాచు నుంచి చిన్న చేపకు, చేప నుంచి సీలుకు, సీలు నుంచి ఎలుగుకు చేరేసరికి నీటిలో ఉన్నదానికి లక్షల రెట్లు పోగుపడుతుంది.

● తెల్ల ఎలుగు ఒంట్లోని పాదరసంలో కొంత దాని బొచ్చులోకి చేరి, బొచ్చుతోపాటు రాలిపోతుంది. నార్వాల్ తిమింగలానికి ఆ వెసులుబాటు లేదు. దాని పొడవాటి దంతంలో చెట్టు మొద్దులోలా ఏటికో పొర చేరుతుంది. గ్రీన్లాండ్‌లో దొరికిన పది దంతాలను పొరపొరగా పరీక్షిస్తే, 2000 తర్వాత పాదరసం జోరుగా పెరిగినట్టు 2021లో బయటపడింది.

● ఫారో దీవుల్లో పైలట్ తిమింగలం మాంసం తరతరాల తిండి. పాదరసం వంటి విషాలు ఉన్నందున ఇక దాన్ని తినొద్దని అక్కడి ప్రజారోగ్య వైద్యాధికారులు 2008లో తేల్చి చెప్పారు.

● జపాన్‌లోని మినమాటాలో 1956లో పాదరసపు విషంతో వచ్చే జబ్బు అధికారికంగా బయటపడింది. మనుషులకంటే ముందే, చేపలు తిన్న పిల్లులు పిచ్చిగా గంతులేసి చచ్చాయి. ఆ ఊరి పేరు మీదే పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. ధ్రువ ప్రాంతానికి ఉన్న ముప్పును దాని పీఠికలోనే రాశారు. భారత్ 2018లో దాన్ని ఆమోదించింది. మన థర్మల్ కేంద్రాల పొగలో పాదరసానికి 2015లోనే పరిమితి పెట్టారు.

● ఎంత ఉడికించినా, వేయించినా చేపలోని పాదరసం పోదు. అది కొవ్వులో కాదు, కండలోనే అంటుకుని ఉంటుంది. మాయ దాటి కడుపులోని బిడ్డ మెదడునూ చేరగలదు.

మన కోస్తాలో బాలింతకు పాలు పడతాయని సొరచేప పెట్టడం ఆనవాయితీ. గర్భిణులూ, బాలింతలూ సొర తినకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా. సొర వేటచేప గనుక పాదరసం దాని ఒంట్లో ఎక్కువ. చేపలు మానక్కర్లేదు. బజార్లో రోహు, కట్లా ఉన్నాయి. ఊరినుంచి వచ్చే మెత్తళ్లున్నాయి. వీటిలో పాదరసం తక్కువ, పోషకాలు మెండు. కాన్పు ఇంట సొర మాత్రం వద్దు.