మీకు తెలుసా? గుర్రం ఎత్తు, ఎక్కేవాడి ధైర్యం

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల వైపు పెళ్లి బరాత్‌కు గుర్రాన్ని మాట్లాడుకునే ఇళ్లు ఉన్నాయి. మన పెళ్లికొడుకుల్లో చాలామందికి జీను మీద కూర్చోవడం జీవితంలో అదే మొదటిసారి. గుర్రాన్ని ఎంచుకునేటప్పుడు ఇంటివాళ్లు తెల్లగా ఉందా, ఎత్తుగా ఉందా అని చూస్తారు గానీ, ఎక్కబోయే అబ్బాయికి అది సరిపోతుందా అని అడిగేవాళ్లు తక్కువ. గుర్రం సైజుకీ, మనిషి ధైర్యానికీ ఉన్న సంబంధం చాలామంది అనుకునేంత సూటిగా ఉండదు.

గుర్రం ఎత్తును తల దాకా కొలవరని తెలుసా? మెడ, వీపు కలిసే చోట ఉండే మూపు దాకానే కొలుస్తారు, ఎందుకంటే తల పైకీ కిందికీ ఆడుతుంది, మూపు కదలదు. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో వాడే కొలత ‘చెయ్యి’, అంటే నాలుగు అంగుళాలు. 14.2 అని రాస్తే 14 చేతుల 2 అంగుళాలు, మొత్తం 58 అంగుళాలు. ఈ గీతకు పైనున్నది గుర్రం, కిందున్నది పోనీ అని చాలా దేశాల్లో లెక్క. మన దేశంలో గుర్రాల సంతల్లో మాత్రం నేరుగా అంగుళాల్లోనే మాట్లాడుకుంటారు.

60 అంగుళాల మార్వారీ గుర్రం మీద మామూలు ఎత్తున్న మనిషి కూర్చుంటే అతని కళ్లు నేలకు ఏడున్నర అడుగుల పైన ఉంటాయి. రోజూ ఐదడుగుల ఎత్తు నుంచి లోకాన్ని చూసే కళ్లు ఒక్కసారిగా అంత పైకి వెళ్లడంతోనే భయం మొదలవుతుంది. పైగా కింద ఉన్నది కదిలే ప్రాణి. ఆ మొదటి రెండు నిమిషాల బెదురు పిరికితనం కాదు, కొత్త ఎత్తుకు శరీరం అలవాటు పడే తీరు. గుర్రాన్ని కాసేపు నిలబెట్టి, దాన్ని చూసుకునే సాయిస్ కళ్లెం పట్టుకుని, తర్వాత మెల్లగా నాలుగడుగులు నడిపిస్తే చాలామందికి అది తగ్గుతుంది. బరాత్‌లో మనం ఆ రెండు నిమిషాలే ఇవ్వం. ఎక్కీ ఎక్కగానే బ్యాండు మొదలవుతుంది.

భయపడ్డ మనిషి రెండు పనులు చేస్తాడు: ముందుకు వంగుతాడు, కాళ్లతో గుర్రం పొట్టను గట్టిగా బిగిస్తాడు. నేర్పిన గుర్రానికి కాళ్ల బిగువంటే ‘ముందుకు పో’ అని అర్థం. అది అడుగు పెంచుతుంది, మనిషి ఇంకా బిగిస్తాడు, అది ఇంకా పెంచుతుంది. చూసేవాళ్లు గుర్రం మొండిదంటారు. పాపం, చెప్పిన మాటే వింటోంది అది.

ఎత్తు కన్నా వెడల్పే ఎక్కువ ధైర్యమిస్తుందని స్వారీ నేర్పేవాళ్లకు తెలుసు. పీపాలాంటి పొట్ట, గుండ్రటి వీపు ఉన్న పొట్టి గుర్రం మీద కాళ్లు చుట్టూ ఆనుకుని మనిషి కుదురుగా కూర్చుంటాడు. అదే ఎత్తయిన, సన్నటి గుర్రమైతే కాళ్ల కింద పట్టు తక్కువగా అనిపిస్తుంది. మరీ వెడల్పయితే మాత్రం తుంటి పట్టేస్తుంది. పొట్టి కాళ్లవాళ్లకు అది మరీ కష్టం.

పొట్టి గుర్రమైతే చాలు, భయం పోతుందనుకోవడం కూడా పొరపాటే. చిన్న గుర్రాలు చాలావరకు పొట్టి పొట్టి అడుగులు గబగబా వేస్తాయి, పైనున్నవాడికి కుదుపు ఎక్కువ. కుదుపు నడకను బట్టి కూడా ఉంటుంది. మార్వారీ గుర్రాల్లో కొన్నింటికి ‘రేవాల్’ అనే నడక ఉంది. అందులో వీపు దాదాపు ఎగరదు, రాజస్థాన్‌లో దూరప్రయాణాలకు దానికి పేరు. ఐస్‌లాండ్ గుర్రాలది ఇలాంటి నడకే. అవి పోనీల ఎత్తే ఉన్నా పెద్దవాళ్లు వాటి మీద మైళ్లకు మైళ్లు హాయిగా పోతారు.

హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే థరోబ్రెడ్ గుర్రాలు 64 అంగుళాల చుట్టుపక్కల ఉంటాయి. వాటిని నడిపే జాకీలు దాదాపుగా అందరూ పొట్టివాళ్లే, బరువు 50, 55 కిలోల దగ్గర ఉంటుంది. పరుగుకు ముందు జాకీ ఎడమ మోకాలి కింద ఎవరో ఒకరు చెయ్యి పెట్టి జీను మీదకు లేపుతారు. రోజూ స్వారీ చేసేవాళ్లే సాయం తీసుకుంటున్నప్పుడు పెళ్లికొడుకు స్టూలో, అరుగో ఎక్కి గుర్రమెక్కితే నామోషీ ఏమీ లేదు. గుర్రానికీ అదే మేలు. నేల మీద నుంచి రికాబులో కాలు పెట్టి వేలాడుతూ ఎక్కితే జీను ఒక పక్కకు లాగి మూపును ఒత్తేస్తుంది.

ధైర్యం ఎత్తును బట్టే రాదనడానికి ఒక ఉదాహరణ: 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో మారియన్ కోక్స్ అనే ఇంగ్లండ్ అమ్మాయి స్ట్రోలర్ అనే పోనీ మీద అడ్డంకులు దూకే పోటీలో వెండి పతకం గెలిచింది. స్ట్రోలర్ ఎత్తు 57, 58 అంగుళాలే. పక్కన దూకినవన్నీ దాని కన్నా పెద్ద గుర్రాలు. వాళ్లిద్దరూ అంతకు ముందు ఏళ్ల తరబడి కలిసి దూకారు. ధైర్యం అక్కడి నుంచి వచ్చింది.

మరి మన దక్కను గుర్రాల సంగతేంటి? చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ రాసిన ప్రకారం 1310లో ఓరుగల్లు ముట్టడి తర్వాత కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్‌కు 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చాడు. తర్వాతి కాలంలో మరాఠా దళాలు ఎక్కి తిరిగిన భీమ్‌తడీ గుర్రాలు భీమా నది లోయవి, పొట్టివి, 13 చేతులకు అటూ ఇటూ ఉంటాయి. కొండదారుల్లో వాటిని మించినవి లేవు. మంగోలులు ఆసియా అంతా తిరిగింది కూడా ఇలాంటి పొట్టి గుర్రాల మీదే. మన కోరుట్ల, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు చూసే అరబ్బీ గుర్రాలకు ప్రపంచమంతా పేరుంది గానీ ఎత్తు చూస్తే 57 నుంచి 61 అంగుళాలే.

అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క ఇది. 2008లో అమెరికాలోని ఒహాయో పరిశోధకులు గుర్రాల మీద వాటి బరువులో 15, 20, 25, 30 శాతం బరువు పెట్టి నడిపి చూశారు. 25, 30 శాతం దగ్గర గుండె వేగం, కండరాల నొప్పి బాగా పెరిగాయి. నడుము వెడల్పుగా, కాలి ఎముక లావుగా ఉన్న గుర్రాలకు నొప్పి తక్కువ వచ్చింది, అంటే ఎత్తు కన్నా ఒంటి కట్టు ముఖ్యం. జీను కూడా కలిపి 20 శాతం దాటొద్దని చాలామంది పాటిస్తున్నారు. త్రాసు లేకుండానే గుర్రం బరువు అంచనా వేయొచ్చు. ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించండి, వచ్చినదాన్ని భుజం ముందు మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో హెచ్చించి, 11,880తో భాగించండి. చుట్టుకొలత 160, పొడవు 145 అయితే బరువు దాదాపు 312 కిలోలు. అందులో 20 శాతం 62 కిలోలు. షేర్వానీ, తలపాగా, అలంకరించిన జీను, ముందు కూర్చోబెట్టే మేనల్లుడు, అన్నీ ఇందులోనే లెక్క. ఎనభై కిలోల పెళ్లికొడుక్కి ఆ గుర్రాన్ని మాట్లాడటం న్యాయం కాదని గట్టిగా చెబుతాను. నోరు లేని జీవం అది, ఒద్దని చెప్పలేదు.

భయం జీను గుండా కిందికి దిగుతుందని తెలుసా? స్వీడన్‌లో లిండా కీలింగ్ బృందం 2009లో ప్రచురించిన ప్రయోగం నాకెంతో ఇష్టం. స్వారీ చేసేవాళ్లనూ, చేత్తో నడిపించేవాళ్లనూ ఒకే దారిలో నాలుగుసార్లు పోనిచ్చారు. నాలుగోసారి గుర్రం పక్కనే గొడుగు తెరుస్తామని మనుషులకు చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, వాళ్లతో పాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. అందుకే మొదటిసారి ఎక్కేవాడికి ఎత్తు ఎలా ఉన్నా వయసు మీరిన, జనంలో తిరిగిన నెమ్మది గుర్రమే కావాలి. మనిషి గుండె కొట్టుకున్నా అది స్థిరంగా ఉండాలి.

గుర్రం దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది గానీ నుదుటి ముందూ, తోక వెనకా కొంచెం మేర దానికి కనపడదు. మనకు వినపడని, 20,000 హెర్ట్‌జ్ దాటిన శబ్దాలూ దానికి వినపడతాయి. డీజే పెట్టెను దాని వెనకే పెట్టి, కాళ్ల దగ్గర పటాకులు కాల్చి, తారురోడ్డు మీద ఇనుప లాడాలు జారుతుంటే నిలబడమనడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక ఎత్తుకు రెండు కొసలూ చూద్దాం. బతికున్న గుర్రాల్లో అన్నిటికన్నా ఎత్తయినదిగా గిన్నిస్‌కెక్కిన బిగ్ జేక్ మూపు దాకా 210 సెంటీమీటర్లు. అది 2021లో చనిపోయింది. థంబెలీనా అనే మరుగుజ్జు గుర్రం ఎత్తు 44.5 సెంటీమీటర్లే.

బరాత్‌కు గుర్రాన్ని మాట్లాడేవాళ్లు ఒక రోజు ముందే అబ్బాయిని తీసుకెళ్లి ఒకసారి ఎక్కించండి. రికాబు పట్టీ జీనుకు తగిలించి ఉండే చోట వేలి కొనలు ఆనించి చెయ్యి చాస్తే రికాబు చంకకు తగలాలి, దాదాపుగా అదే సరైన పొడవు. పాదంలో ముందు భాగమే రికాబులో ఉండాలి, మడమ దాకా దూర్చొద్దు. దిగేటప్పుడు ముందు రెండు పాదాలూ రికాబుల్లోంచి తీసేయాలి, ఆ తర్వాతే కాలు తిప్పాలి. ఒక పాదం అందులో ఇరుక్కుని ఉండగా గుర్రం బెదిరితే మనిషిని ఈడ్చుకుపోతుంది. సాయిస్ కళ్లెం వదలకుండా ఉన్నాడో లేదో చూసుకున్నాకే దిగమని పెళ్లికొడుక్కి ముందే చెప్పండి.