మగ్గం దిగి వంటగదిలోకి

గుడియాత్తంలో పదేళ్లకు పైగా లుంగీలు నేసిన మా బడి పూర్వ విద్యార్థి, 34 ఏళ్ల వయసులో కేటరింగ్ కోర్సు ముగించి వేలూరు హోటల్లో ఇంటర్న్‌గా చేరాడు.

"నీకన్నా చిన్నవాడు 'ఉల్లిపాయలు మళ్లీ తరుగు' అంటే ఎలా ఉంది?" అని అడిగాను.

"మొదటివారం సిగ్గేసింది సార్. మగ్గం దగ్గర కొత్తవాళ్ల చేత మేమూ ముందు కండెలే చుట్టిస్తాం కదా!" అన్నాడు.

ఇంటర్న్‌కు మొదట పొయ్యి దక్కదు. కూరగాయలు కడగాలి, ఒకే సైజులో తరగాలి. సైజు తప్పితే చిన్న ముక్క చిదికిపోతుంది, పెద్దది పచ్చిగా మిగులుతుంది. డబ్బాలపై తేదీ రాసి, ముందొచ్చిన సరుకు ముందు వాడాలి. పోగు పోగూ లెక్కపెట్టిన చేతికి ఈ ఓపిక కొత్త కాదు.

వేలూరు సీఎంసీ ఆసుపత్రికి ఆంధ్ర, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల నుంచి రోగులు వస్తారు. "కారం తగ్గించు నాయనా" అని చిత్తూరు పెద్దాయన అడిగితే వెంటనే అందుకునేది మనవాడే. వంటగదిలో కేకలు మాత్రం తమిళంలో, హిందీలో. అందుకే పిల్లలూ, తెలుగుతోపాటు తమిళమూ శ్రద్ధగా నేర్వండి.

జర్నలిజం వదిలి పారిస్‌లో వంట నేర్చిన గరిమా అరోరా, 2018లో మిషెలిన్ స్టార్ పొందిన తొలి భారతీయ మహిళా షెఫ్ అయ్యారు. అయితే, దారి మార్చేవారికి ఇల్లు గడవడమే అసలు పరీక్ష. మావాడు ఆరు నెలల ఇంటి ఖర్చు దాచుకున్నాకే మగ్గం దిగాడు. స్టైపెండ్ ఎంత, పని ఎన్ని గంటలు, సర్టిఫికెట్ ఇస్తారా అన్నవి చేరకముందే అడిగాడు. మీరూ అడగండి.