ముందుగా ఆమెనే అడుగుదాం

ఈ దృశ్యం మన ఇళ్లకు కొత్త కాదు. వినికిడి లేని కూతురిని తల్లి సలహాదారు వద్దకు తీసుకువస్తుంది. ప్రశ్న తల్లికే, జవాబూ తల్లిదే. “సరిగా తినడం లేదమ్మా, ఎవరితోనూ కలవడం లేదు.” అరగంట గడుస్తుంది. అమ్మాయి ఇద్దరి పెదవుల వైపు మార్చి మార్చి చూస్తూ కూర్చుంటుంది. ఆమె దిగులుకు వినికిడి లోపమే కారణమని ఇద్దరూ తీర్మానిస్తారు. తనకు చెప్పకుండా ఇంట్లో మాట్లాడుతున్న పెళ్లి సంబంధమే కారణమై ఉండవచ్చునని ఎవరికీ తోచదు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలకు కేంద్రాలయ్యాయి. అంతకుముందు జిల్లా కేంద్రమంటే మహబూబ్‌నగరే. నేడు సదరం ధ్రువపత్రం గురించి, పింఛను గురించి వికలాంగులున్న కుటుంబాలకు తెలుసు. మనోవేదన గురించి మాట్లాడుకోవడమే తక్కువ. పైగా ఇది వలసల పాలమూరు. సంపాదించేవారు దూరప్రాంతాలకు పోతే నడవలేనివారు, చూపులేనివారు ముసలివారితో ఇంటనే మిగిలిపోతారు. మానసిక సహాయానికి 14416 అనే ఉచిత ఫోను ఉన్నది. కాని మాట వినపడని వారికి ఫోను ఏమి చేయగలదు? వారికి ఎదుట కూర్చునే మనిషే కావాలి.

అలా కూర్చునేవారు వెలుగు తమ ముఖం మీద పడేలా కూర్చోవాలి. సైగల భాష తెలిసినవారిని పిలిచినా, చూపు మాత్రం అమ్మాయి మీదనే ఉండాలి. కొంతసేపైనా ఇంటివారు బయట ఉండటం మంచిది. చూపులేని వారి వద్దకు వెళితే పేరు చెప్పి పలకరించాలి, లేచిపోయేటప్పుడూ చెప్పాలి. చక్రాల కుర్చీని అడగకుండా తోయరాదు. ఇక మన ఇళ్లలో చాలామంది మనసు విప్పేది ఉర్దూలోనే. తెలుగులో అడిగితే ముక్తసరిగా ముగిస్తారు. ఇది చిన్న విషయం కాదు.

అబస సూరా ఏ సందర్భంలో అవతరించిందో పాఠకులకు తెలుసు. దైవప్రవక్త (స) ఖురైషు నాయకులతో మాట్లాడుతుండగా అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చారు. ప్రవక్త (స) ముఖం చిట్లించడం ఆయనకు కనబడదు. అయినా అల్లాహ్ దానిని ఉపేక్షించలేదు. తర్వాతి కాలంలో మదీనాలో అజాన్ పలికినవారిలో ఆయన ఒకరు. మరో సంఘటన మాకు ఇంకా ఇష్టం. చూపు మందగించిన ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) తమ ఇంట్లో ఒకచోట నమాజు చేయమని ప్రవక్త (స)ను కోరారు, ఇకపై ఆ చోటునే తమ నమాజు స్థలం చేసుకోవాలని. ఆయన (స) వెళ్లి, కూర్చోకముందే, ఎక్కడ చేయమంటారో ఇత్బాన్‌నే అడిగారు.

ఇప్పుడు ఆ అమ్మాయి పెళ్లి మాట. కన్య మౌనం అంగీకారమని హదీసు చెబుతుంది. అది ఆమెను అడిగిన తర్వాతి మౌనం. ప్రశ్నే చేరనప్పుడు ఆ మౌనాన్ని అంగీకారంగా ఎలా లెక్కిస్తాం? మాట రానివారి స్పష్టమైన సైగను ఫిఖహ్ పండితులు మాటతో సమానంగా పరిగణించారు. వరుని వివరాలు ఆమెకు అర్థమయ్యే సైగల్లో, చదువు వస్తే కాగితం మీద, నిఖాహ్ రోజున కాదు, సంబంధం మాట్లాడే రోజునే చెప్పాలి. ఆమె సైగలు తెలిసిన స్నేహితురాలినో ఉపాధ్యాయురాలినో ఆ పూట ఇంటికి పిలవండి. వద్దు అని ఆమె తల ఊపితే, అమ్మాయికి ఏమీ తెలియదని సర్దిచెప్పకండి.