ముంగిట నీలిచుక్కలు - విష్ణుక్రాంత

వినాయక చవితినాడు మనం సమర్పించే ఏకవింశతి పత్రాలలో విష్ణుక్రాంత ఒకటి. పూజ ముగిసిన పిదప ఆ మొక్కను తలచేవారు అరుదు. వానలు ముఖం చాటేసినా బ్రతికి పూలుపూచే ఈ నేలమొక్కను పెంచే విధానాన్నీ, వాడే తీరునూ, వాడరాని సందర్భాన్నీ పాఠకులకు విన్నవిస్తాను.

గుర్తించే విధం

మా గురువుగారు ఈ మొక్కను చూపడానికి మమ్ములను ఉదయం పూటనే పొలం గట్లకు తీసుకొని వెళ్లేవారు. దీని పూలు పొద్దుటే విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. ఆపైన గడ్డిలో దీనిని పోల్చుకోవడం కష్టం. సన్నని కొమ్మలు నేలబారుగా నలుదిక్కులకూ పరచుకుంటాయి. కోలగా ఉండే చిన్న ఆకులపై పట్టువంటి నూగు ఉంటుంది. ఆకు పంచలలో సన్నని కాడలపై, అర అంగుళానికి లోపు వెడల్పున, లేతనీలి పూలు పూస్తాయి.

శంఖుపువ్వు తీగను కూడా కొందరు ఈ పేరుతోనే పిలుస్తారు. అది పందిరికి ఎగబ్రాకే తీగ, దాని కాయలు చిక్కుడు జాతివి. నర్సరీలలో దొరికే పెద్ద నీలిపూల ఎవాల్వులస్ బ్రెజిల్ దేశపు మొక్క. ముంగిటికి అందమే గాని, ఔషధానికి దానిని వాడరాదు.

పెంపకం

ఎర్రనేల, ఇసుక నేల, గులకరాళ్ల నేల దీనికి అనుకూలం. ఎండ బాగా తగలాలి, నీరు మాత్రం నిలువరాదు. మిరియమంతైనా లేని గుండ్రని కాయలు పండి ఎండగానే పగిలి గింజలు రాలుతాయి. కనుక గోధుమరంగుకు తిరిగినప్పుడే కొన్ని కోసి ఉంచుకోవాలి. గింజ పైపెచ్చు గట్టిది. ముతక ఇసుకతో కలిపి అరచేతుల మధ్య మృదువుగా రుద్ది, ఒక రాత్రి నానబెట్టి, తొలకరి పడిన పిమ్మట చల్లి, పైన పలుచగా మన్ను కప్పాలి. మొలకలు నిలదొక్కుకొనే వరకు తడి ఆరనీయరాదు. అటుపై ఎండాకాలంలో సైతం వారానికొకసారి నీరు చాలు.

వేరు లోతుకు దిగుతుంది గనుక ముదిరిన మొక్కను పెకలించి వేరొకచోట నాటితే బ్రతకడం కష్టం. మూడు మొక్కలు కనబడితే ఒకటి విత్తనానికి విడువమనేవారు మా గురువుగారు. అట్లు విడిచిన మొక్క గింజలే మరుసటి ఏడు వానలకు తమంత తాము మొలుస్తాయి.

ఉపయోగం

చరక సంహిత చికిత్సాస్థానంలో చెప్పిన నాలుగు మేధ్య రసాయనాలలో శంఖపుష్పి ఒకటి. శంఖపుష్పి ఏదన్న విషయంలో వైద్యులకు అభిప్రాయభేదం ఉన్నది. ఉత్తరాదిన కాన్వాల్వులస్ జాతి మొక్కను, కేరళలో శంఖుపువ్వును, కొన్నిచోట్ల విష్ణుక్రాంతను గ్రహిస్తారు. పూతమీద ఉన్న మొక్కను సమూలంగా తీసి, కడిగి, నీడన ఎండించి, చూర్ణం చేసి వస్త్రగాళితం పట్టాలి. పెద్దలకు 3 గ్రాములు ఉదయం పాలతో ఇవ్వడం వాడుక.

ముఖ్యమైన హెచ్చరిక

చాలా ఏండ్ల క్రితం, పదవ తరగతి చదివే కుమారునికి జ్ఞాపకశక్తి కోసం మందు కావాలని ఒక తల్లి వచ్చింది. నేను ఈ చూర్ణం ఇచ్చాను. నెల తిరగకముందే, రెండేండ్లుగా రాని మూర్ఛ ఆ బాలునికి తిరిగి వచ్చింది. అతడు మూర్ఛకు ఫెనిటాయిన్ మాత్రలు వాడుతున్నాడని అప్పుడు తెలిసింది. ఆమె దాచలేదు, నేను అడగలేదు. ఆ దోషం నాదే. చూర్ణం మాన్పించి, వెంటనే అతని వైద్యుని వద్దకు పంపాను. బాలుడు కోలుకున్నాడు.

ఆనాటి మూర్ఛకు నా చూర్ణమే కారణమని రుజువు లేదు. అయితే శంఖపుష్పి ఔషధాన్ని ఫెనిటాయిన్‌తో కలిపి వాడినప్పుడు రక్తంలో ఆ మందు పరిమాణం తగ్గి, మూర్ఛలు తిరిగి రావచ్చునని 1992లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. అది చదివిన నాటినుండి, వాడుతున్న మాత్రలన్నీ చూడకుండా ఎవరికీ చూర్ణం ఇవ్వడం లేదు.

కనుక మూర్ఛకు మందులు వాడేవారు దీనిని తీసుకొనరాదు. మూర్ఛ మాత్రలను స్వయంగా మానడం అంతకన్న ప్రమాదం. గర్భిణులు, పసిపిల్లలు, నిత్యం ఏదైనా మందు వాడేవారు వైద్యుని సంప్రదించనిదే తాకరాదు. మందుగా వాడకపోయినా మొక్కను పెంచుకొనడానికి అభ్యంతరం లేదు. చవితి పూజకు పత్రి మీ ముంగిటనే లభిస్తుంది.